లంగరు సభకు సరిపడా గాలి

వెలుగు పక్షం, మొదటి రోజు

గాలి గదిలో షిఫ్టు దిగేవాళ్ళు చిట్టాలో రెండు భాగాలు నింపాలి. మొదటిది కొలతలు, రెండోది ఇతర విషయాలు. రెండో భాగాన్ని ఎవరూ చదవరు. ఇన్నేళ్ళుగా నేను అక్కడ "ఏమీ లేవు" అనే రాస్తూ వచ్చాను. ఇవాళ్టి నుంచి ఉన్నవి రాస్తాను.

కొలతలకేం, బాగానే ఉన్నాయి. ఆరో వార్డులో ఎవరో ఎండుమిర్చి తిరగమోత పెడితే వీధి వీధంతా దగ్గుతోందని కబురొచ్చింది. వెళ్ళి గాలిని వడకట్టే జల్లెడ మార్చి, ఆ ఇల్లాలికి నాలుగు మాటలు చెప్పి, ఆవిడ పెట్టిన పప్పన్నమే తిని వచ్చాను. వచ్చేసరికి తెర మీద ఒక అర్జీ కూర్చుని ఉంది. ఖాళీగా ఉన్న ఖనిజం గోదాములో నాలుగు వేల మందికి ఒక పూట గాలి కావాలట. కార్యక్రమం: ఏడో లంగరు మహోత్సవం. అర్జీదారు: నస్రీన్, అధ్యక్షురాలు.

మహోత్సవం అట. మేం పెట్టుకున్న పేరు లంగరు సభ.

మా ఊరు తొర్ర. చంద్రుడి నేల కింద ఎప్పుడో లావా తొలిచిన సొరంగంలో ఊరు కట్టుకున్నవాళ్ళు ఇంకేం పేరు పెడతారు? పైన సూర్యుడున్న పక్షం కరెంటు ధారాళంగా వస్తుంది, లేని పక్షం దీపాలు సగమే వెలుగుతాయి. అందుకే పెళ్ళిళ్ళైనా సభలైనా వెలుగు పక్షంలోనే. తొర్రను తవ్విన రోజుల్లో, డ్రిల్లు మీదున్నవాళ్ళకు పొద్దు పోవడానికి హెల్మెట్ రేడియోలో ఒక నాటకం వచ్చేది. దాని పేరు "ఏడో లంగరు". గోదావరి మీద తిరిగే ఒక లాంచీ, దాన్ని నడిపే సరంగు వీరన్న, ఎక్కే దిగే జనం. ఆ లాంచీకి ఉన్నవి ఆరు లంగర్లు. కష్టం వచ్చినప్పుడల్లా వీరన్న "ఏడోది ఉందిలే" అంటాడు. అదేమిటో చెప్పడు. చెప్పాల్సిన చివరి భాగం వచ్చేలోపు రేడియోను తవ్వకం పనికి మళ్ళించి నాటకం ఆపేశారు.

ఆ నాటకమంటే పడిచచ్చే ఏడుగురం ఒక సెలవు రోజున పంపుల గదిలో బకెట్లు బోర్లించుకుని కూర్చున్నాం. పిలిచింది నేను. అటుకులు పోపు వేసి తెచ్చింది నేను. ఏటా కలుసుకుందామన్నది కూడా నేనే. ఆ ఏడుగురిలో ఇప్పుడు తొర్రలో మిగిలింది నేనొక్కదాన్నే.

నస్రీన్ తొమ్మిదేళ్ళ కిందట వచ్చింది. తలుపు దగ్గర ముడుచుకుని కూర్చుని, విరామంలో నా దగ్గరికి వచ్చి, సరంగు అంటే ఏమిటక్కా అని అడిగింది. పడవ నడిపించే పెద్ద అని చెప్పాను. ఇవాళ ఆ అమ్మాయి నాలుగు వేల మందికి గాలి అడుగుతోంది, అది కూడా నన్ను.

అర్జీ పక్కన పెట్టాను. ఏం తొందర?

వెలుగు పక్షం, మూడో రోజు

నస్రీన్ స్వయంగా వచ్చింది. బడిలో పిల్లలకు లెక్కలు చెప్పి అటునుంచి అటే వచ్చినట్టుంది, చేతుల నిండా రంగు సుద్ద. పడవ బొమ్మలు చూపించింది. గోదాములో నిలువెత్తు లాంచీ కట్టిస్తుందట. చక్రం, చిమ్నీ, ప్యాసింజర్ల గది, అన్నీ అసలు కొలతలకే. ఖాళీ ఖనిజం డబ్బాలు సాపు చేయించి, రేకులుగా కొట్టించి, బడిపిల్లలతో రంగులు వేయిస్తోంది.

పడవ కట్టాలని నేనూ అనుకున్నాను ఒకప్పుడు. ఎవరితోనూ అనలేదు, అంతే తేడా. బొమ్మ చూడగానే మరీ పెద్దదిగా ఉందనిపించింది. పెద్దదిగా ఉందన్నాను కూడా. నస్రీన్ నవ్వి, లాంచీ పెద్దదే కదక్కా అంది.

తర్వాత అసలు సంగతి చెప్పింది. జోగారావుగారు వస్తున్నారు. సరంగు వీరన్న గొంతు ఆయనదే. ఎనభై దాటాయి, ఉత్తరాన గనుల ఊళ్ళో కూతురి దగ్గర ఉంటారు. నేను ఏటా ఆయనకు కబురు పంపేదాన్ని, ఆరోగ్యం బాగోలేదని ఏటా జవాబొచ్చేది. నస్రీన్ కబురు పంపలేదు. ఖనిజం బండిలో సరుకు పక్కన కూర్చుని, ఒళ్ళు హూనం చేసుకుని అక్కడికే వెళ్ళింది. వాళ్ళింట్లో రెండు పూటలు భోంచేసింది. ఆయన మనసు కరిగి వస్తానన్నారు. అంతేకాదు, ఎప్పుడూ ప్రసారం కాని ఆ చివరి భాగం ఆయనకు ఇప్పటికీ కంఠతా వచ్చట. పడవ మీద నిలబడి చెబుతారట.

నాకు ఆ బండి ఎక్కాలన్న ఆలోచన ఎందుకు రాలేదు? ఇన్నేళ్ళలో ఒక్కసారైనా? షిఫ్టంతా ఇదే తిరిగింది బుర్రలో.

వెళ్తూ వెళ్తూ నస్రీన్ నాకు సన్మానం చేయాలనుకుంటున్నట్టు చెప్పింది. శాలువా కప్పుతారట, మొదటి వరసలో కుర్చీ వేస్తారట. నేను సంతోషమన్నాను. మన దగ్గర సన్మానం చేశారంటే ఇక మీ పని అయిపోయిందని మర్యాదగా చెప్పడమే. ఆ పిల్లకు ఆ ఉద్దేశం లేదని నాకు తెలుసు. ఉన్నా బాగుండేది, తిట్టుకోవడానికి వీలుగా.

వెలుగు పక్షం, ఐదో రోజు

లంగరు సభ సంఘం సమావేశానికి పిలిస్తే వెళ్ళాను. కుర్రకారంతా కొత్తవాళ్ళు. గోదాములో అంతమందికి గాలి చాలకపోవచ్చని చెప్పాను. ఎందుకని అడిగారు. చెప్పలేకపోయాను. నిజంగానే నా దగ్గర కారణం లేదు. ఏదో నలత, అంతే. ఇరవై ఏళ్ళు గాలితో కాపురం చేసినవాళ్ళకు ముందు ఒళ్ళు చెబుతుంది, తర్వాతే లెక్క చెబుతుంది. కానీ ఆ ఒంట్లోనే ఇంకోటి కూడా కాపురం ఉంటే, మాట్లాడేది ఏదో ఎలా తెలుస్తుంది?

వెనక నుంచి ఎవరో మెల్లగా అన్నారు. "దమయంతిగారికి మన గాలి పడట్లేదు."

నవ్వారు. నస్రీన్ మాత్రం నవ్వలేదు, వాళ్ళ వైపు కోపంగా చూసింది. నాకు ఆ నవ్వుకన్నా ఈ చూపు ఎక్కువ గుచ్చుకుంది. నన్ను కాపాడే చోటికి చేరిందన్నమాట అమ్మాయి.

గాలి గదికి వచ్చి, అర్జీ మీద "నిరాకరించడమైనది" అని కొట్టాను. పంపే మీట నొక్కలేదు.

నాతో షిఫ్టు చేసే ఎఫ్రాయీము వెనక నిలబడి చూశాడు. నాకన్నా పదేళ్ళు చిన్నవాడు, నెమ్మదైన మనిషి. లెక్క ఏమొచ్చిందని అడిగాడు. లెక్క ఇంకా వేయలేదన్నాను. పక్కన స్టూలు లాక్కుని కూర్చున్నాడు.

"ఏమనుకోకండమ్మా. ఇది గాలి సంగతి కాదు. మీకు ఆ అమ్మాయంటే కడుపుమంట."

పదిమందిలో అంటే కొట్టి ఉండేదాన్ని. ఒక్కడే ఉన్నాడు, పైగా నిజమే అన్నాడు. మరి నన్నేం చేయమంటావన్నాను. నాకు ఊరూ పేరూ చెప్పకుండా అంకెలు మాత్రం ఇవ్వండి, నేను వేస్తాను అన్నాడు. గోదాము పొడవు, వెడల్పు, ఎత్తు, మనుషుల సంఖ్య, అక్కడున్న ఫ్యాన్లు, బొగ్గుపులుసు వాయువును లాగేసే కడుగుడు పెట్టెలు, అన్నీ ఇచ్చాను. ఎందుకో ఏమిటో తెలియనట్టే అతను వేసుకుపోయాడు.

సరిపోతుందని వచ్చింది. బొటాబొటీగా కాదు, కాస్త మిగులుతో.

వెలుగు పక్షం, ఆరో రోజు

అనుమతి ఇచ్చాను. సంతకం చేస్తుంటే ఎంతో నిజాయితీపరురాలిననిపించింది. ఇంటికి వెళ్ళేటప్పుడు దారిలో కనబడ్డవాళ్ళందరికీ, నేనే అనుమతిచ్చాను అని పనిగట్టుకుని చెప్పాను. ఒకావిడ, మీ మనసు పెద్దదండీ అంది. ఆ మాట కోసమే చెప్పానేమో.

పడవ బొమ్మ రెండుసార్లు గుర్తొచ్చింది. గుర్తొచ్చినప్పుడల్లా, ఇదిగో మళ్ళీ మొదలెట్టావు అని నన్ను నేనే కసురుకున్నాను.

వెలుగు పక్షం, తొమ్మిదో రోజు

ఇవాళ్టిది వివరంగా రాయాలి. రేపు అడుగుతారు.

గోదాము నిండిపోయింది. పిల్లలు సరంగు టోపీలు పెట్టుకుని వచ్చారు. ఆడవాళ్ళు నాటకంలో లాంచీ మీద పూలమ్మే మంగమ్మలా కొప్పులు వేసుకున్నారు. గోదావరి ఎలా ఉంటుందో వీళ్ళలో ఒక్కరికీ తెలియదు, నాకూ తెలియదు. అయినా పడవను చూడగానే నడుస్తున్నదాన్ని ఆగిపోయాను. అంత బాగుంది. నేను కట్టించి ఉంటే అంత బాగా వచ్చేది కాదు. అదీ తెలిసింది నాకు.

ముందు సన్మానం. మైకు దగ్గరున్న కుర్రాడు నన్ను "సభ తొలినాళ్ళలో సేవలందించినవారిలో ఒకరు" అని పరిచయం చేశాడు. నవ్వు మొహం పెట్టుకుని నిలబడ్డాను. నస్రీన్ వచ్చి అతని చేతిలోంచి మైకు తీసుకుంది. "ఒకరు కాదు. ఈ సభ పెట్టింది అక్కే. నాకు సరంగు అంటే ఏంటో చెప్పింది అక్కే" అంది. నాలుగు వేల మంది చప్పట్లు కొట్టారు. శాలువా భుజాల మీద పడింది. నాకు రావాల్సిన మాట నాకు వచ్చింది, కానీ ఆ పిల్ల చేతి మీదుగా వచ్చింది. ఇలాంటి మనిషిని ద్వేషించడం ఎంత కష్టమో ఎవరికి చెప్పను?

తర్వాత జోగారావుగారు పడవెక్కారు. ఇద్దరు పట్టుకుని ఎక్కించారు. ఎండిన కొమ్మలా ఉన్నారు. నోరు తెరవగానే వీరన్న వచ్చేశాడు. గోదాములో దగ్గు కూడా వినబడలేదు.

నేను మొదటి వరసలో ఉన్నాను. కాసేపటికి తల బరువెక్కింది. అసూయ తలనొప్పే అనుకున్నాను. పక్కన పిల్లవాడు తల్లి ఒళ్ళో నిద్రపోయాడు. వెనక వరసలో ఇంకో ఇద్దరు పిల్లలు నిద్రపోయారు. ఆ తల్లి కణతలు నొక్కుకుంటోంది. ఆవలింతలు ఒకరి నుంచి ఒకరికి పాకుతున్నాయి. ఇంత గొప్ప ఘట్టంలో ఎవరైనా ఆవలిస్తారా? ఆ ఆవలింతలు చూసి నాకు మొదట సంతోషం కలిగింది. అది రాయకపోతే మిగతాదంతా రాసి ఉపయోగం లేదు.

ఆ తర్వాతే తల పైకెత్తి తోరణాలు చూశాను. పక్క గోడల వెంట కట్టిన కాగితం తోరణాలు రెపరెపలాడుతున్నాయి. మా మీద, పడవకు ఇవతల కట్టినవి ఉలుకూ పలుకూ లేకుండా వేలాడుతున్నాయి.

అప్పుడు తెలిసింది. గోదాములో పెద్ద ఫ్యాన్లు పడవ వెనక గోడకు ఉన్నాయి. ఆ పడవ ప్యాసింజర్ల గది గోడలా గాలికి అడ్డం నిలబడింది. భూమ్మీదైతే వేడి శ్వాస దానంతటదే చకచకా పైకి పోతుందట. ఇక్కడ ఆకర్షణ తక్కువ కాబట్టి బద్ధకంగా పోతుంది, ఊదితేనే కదులుతుంది. గోదాములో మొత్తం మీద గాలికి కొరత లేదు. మధ్యలో కూర్చున్న మేం మాత్రం వదిలిన గాలినే మళ్ళీ పీలుస్తున్నాం. లెక్కలో పడవ లేదు. నేను ఎఫ్రాయీముకు పడవ చెప్పలేదు. అది పెద్దదిగా ఉందని ఒళ్ళు చెబుతుంటే, కుళ్ళు మాట్లాడుతోందని నోరు నొక్కాను.

నడుముకున్న కొలత పెట్టె తీసి చూశాను. ముల్లు పసుపు దాటి ఎరుపు అంచున ఉంది. నమ్మలేదు. ఊదకుండా ఊపిరి బిగబట్టి మళ్ళీ చూశాను. కుర్చీ కిందికి దించి ఇంకోసారి చూశాను. ఈసారి ఎరుపులోకి వెళ్ళింది.

పడవ మీద వీరన్న అంటున్నాడు, ఏడో లంగరు సంగతి చెప్పే వేళయిందని.

లేచి, శాలువా కుర్చీలో వదిలేసి, పడవ వెనక్కి వెళ్ళాను. జనం నా వైపు ఎలా చూశారో నాకు వీపుతో తెలిసింది. వెనక నస్రీన్ నిలబడి ఉంది. అక్కడ గాలి హోరున కొడుతోంది, ఆమె చున్నీ ఎగిరిపోతోంది. ఇక్కడ నిలబడ్డ మనిషికి అవతల ఏమవుతోందో ఎలా తెలుస్తుంది?

వెంటనే ఆపాలని చెప్పాను. ఇంకో పావుగంటే అక్కా, ఆ తర్వాత మీరేమన్నా వింటాను అంది. కొలత పెట్టె చూపించాను. దాన్ని చూసింది, నా మొహం చూసింది.

"ఇది నిజంగా గాలేనా అక్కా?"

ఆ మాటలో వెటకారం లేదు. నిజంగానే అడిగింది. నేను ఇన్నాళ్ళుగా నన్ను అడుగుతున్న మాటే అది.

"మూడుసార్లు చూశాను. ముందు నన్ను నేనే నమ్మలేదు."

"నా చోట మీరుంటే ఆపుతారా?"

"నీ చోట నేనుండాలనే కదమ్మా నా ఏడుపంతా. ఉంటే ఆపుతాను."

 నస్రీన్ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. తర్వాత మెట్లెక్కి పడవ మీదికి పోయి జోగారావుగారి చెవిలో ఏదో చెప్పింది. ఆ ముసలాయన ఎన్నేళ్ళుగానో దాచుకున్న మాట నాలుక చివర ఉంది. కళ్ళు మూసుకున్నారు. తెరిచారు. వీరన్న గొంతుతోనే, జనం వైపు చూస్తూ అన్నారు.

"ఒరే కళాసీ, ఇంజనాపరా. రేవొచ్చేసింది. తోసుకోకండి బాబూ, ఓ పక్కకే ఒరిగితే పడవ తిరగబడిపోద్ది. చంటిపిల్లల్నెత్తుకున్నోళ్ళు ముందు దిగండి. ముసలోళ్ళకి చెయ్యందియ్యండి. ఎనకున్నోళ్ళు తలుపు కాడ నిలబడకుండా నడవండి."

జనం లేచారు. నవ్వుకుంటూ, ఒకరికొకరు చేతులు అందించుకుంటూ, నిజంగా లాంచీ దిగుతున్నట్టే దిగారు. తోపులాట లేదు. ఆయన ఒక్కో వరసనూ పిలుస్తూ, నిద్రపోతున్న పిల్లల్ని లేపమని చెబుతూ, ఊపిరందకపోయినా ఆపకుండా మాట్లాడారు. నేను పక్క తలుపుల మీటలు విప్పి, గోడ ఫ్యాన్లను మధ్యకు తిప్పించాను. నస్రీన్, ఆమె మనుషులు పడవ గది రేకులు ఊడబీకారు. పిల్లలు రంగులేసిన రేకులు.

తలుపు దాటాక కొందరు కూలబడ్డారు. ఇరవై మందికి పైగా ఆసుపత్రికి తీసుకెళ్ళి ప్రాణవాయువు పట్టారు. ఒక గర్భిణికి స్పృహ తప్పింది. రాసే సమయానికి కోలుకుంది, లోపలి బిడ్డ కూడా బాగానే ఉందని కబురొచ్చింది. ఎవరి ప్రాణమూ పోలేదు.

ఇతర విషయాలు ఇంతే.

వెలుగు పక్షం, పదకొండో రోజు

ఊరంతా ఒకటే మాట. ఇంతకు ముందు ఏ సభలోనూ ఇంత గొప్ప ఘట్టం చూడలేదట. చివర్లో జనాన్నే ప్యాసింజర్లను చేసి దింపడం ఎంత గొప్ప ఆలోచన అని, నస్రీన్ బుర్రే బుర్ర అని. గాలి సంగతి తెలిసినవాళ్ళు కూడా దాని తర్వాత ఇదే మాట్లాడుతున్నారు.

నేను ఎఫ్రాయీముతో అన్నాను, ఆపించింది నేను, పేరొచ్చింది ఆమెకు అని. అతను టీ గ్లాసు కింద పెట్టి చాలాసేపు నవ్వాడు. నాకు నవ్వు రాలేదు.

వెలుగు పక్షం, పదమూడో రోజు

ఆరోగ్య శాఖ విచారణ. ముగ్గురు కూర్చున్నారు. అనుమతి ఎవరిచ్చారని అడిగితే నేనే అన్నాను. అంత పెద్ద పడవ బొమ్మ చూసి కూడా లెక్కలోకి ఎందుకు తీసుకోలేదన్నారు. అది నాకు తప్పుగా కనిపించింది, కానీ ఆ అమ్మాయిదేదైనా నాకు తప్పుగానే కనిపిస్తుంది కాబట్టి నమ్మలేదన్నాను. పెద్దాయన మళ్ళీ చెప్పమన్నారు. మళ్ళీ చెప్పాను. రాసుకునే మనిషి చేయి ఆపి నా వంక చూశాడు.

అప్పుడు నస్రీన్ లేచింది. వెనక వరసలకు కనబడడం లేదని సభకు ముందు రోజు పడవను బాగా ముందుకు జరిపించామని, గాలి గదికి చెప్పలేదని, తప్పు తనదేనని, పదవి వదులుకుంటానని చెప్పింది.  నేను తప్పొప్పుకుంటే వినేవాళ్ళు ఇబ్బందిపడ్డారు. ఆమె ఒప్పుకుంటే గౌరవించారు. దానికి కూడా కుళ్ళుకున్నాను, అక్కడే, ఆ కుర్చీలోనే.

సంఘం ఆమె రాజీనామా తీసుకోలేదు. నాకు ఏడాదిపాటు సంతకం అధికారం తీసేశారు. అన్నాళ్ళూ జల్లెడలు కడగాలి. న్యాయమే.

చీకటి పక్షం, నాలుగో రోజు

గాలి గది చిట్టా ఇప్పుడు ఎఫ్రాయీముది. ఇది ఇంట్లో రాస్తున్నాను, అలవాటు పోక.

నస్రీన్ సేమ్యా పాయసం తెచ్చింది. కాసేపు ఆ జీడిపప్పు ఎక్కడ దొరికిందో మాట్లాడుకున్నాం. తర్వాత, ఇక సభ పెట్టలేనేమో అక్కా అంది. కళ్ళు మూసుకుంటే ఆ గర్భిణి కనబడుతోందట. నిద్ర పట్టడం లేదట. నేను కోరుకున్నది ఇదేగా. తొమ్మిదేళ్ళుగా కాకపోయినా, కనీసం ఆమె అధ్యక్షురాలైన ఈ నాలుగేళ్ళుగా. ఇప్పుడు నా ముందు కూర్చుని తనంతట తానే ఇస్తోంది.

తీసుకోబుద్ధి కాలేదు. మంచితనం వల్ల కాదు. ఆ బండిలో కూర్చుని ఉత్తరానికి పోయే ఓపిక నాకు లేదు, ఆ పడవ కట్టించే చెయ్యి కాదు నాది. ఆమె మానేస్తే సభ ఉండదు. సభ లేకపోతే నేను దేన్ని చూసి ఏడవాలి?

ఒక్క గోదాములో ఎందుకు, ఏ వార్డులో వాళ్ళు ఆ వార్డులోనే ఒక గదిలో చేరితే పోలా అన్నాను. గదికి యాభై అరవై మంది. జోగారావుగారు ఉన్నచోటే ఉండి మాట్లాడితే తీగ మీద అన్ని గదులకూ వినబడుతుంది. ఏ గదికీ అదనపు గాలి అక్కర్లేదు. నస్రీన్ వేళ్ళ మీద వార్డులు లెక్కపెట్టుకుంది. మొహంలో వెలుగు మెల్లగా వచ్చింది. ఇది మీ పేరు మీదే ప్రకటిస్తాను అక్కా అంది.

వద్దన్నాను.

ఆమె వెళ్ళి తలుపు మూసిన మరుక్షణం, ఎందుకు వద్దన్నానా అనిపించింది. గిన్నె కడుగుతూ అదే అనుకున్నాను, పడుకున్నాక కూడా అదే అనుకున్నాను. ప్రకటన నస్రీన్ పేరుతోనే వచ్చింది. ఊరంతా మళ్ళీ మెచ్చుకుంది.

మరుసటి ఏడు, వెలుగు పక్షం

చివరి భాగం కిందటేడే తీగ మీద అన్ని గదులకూ చెప్పేశారు జోగారావుగారు, ఇంట్లో మంచం మీద కూర్చుని. ఏడో లంగరు ఏమిటో ఇప్పుడు తొర్రలో చాలామందికి తెలుసు. ఇక్కడ రాయను. ఇంకా విననివాళ్ళున్నారు. అలాంటివాళ్ళ కోసమే ఈసారి నాటకం పాత రికార్డులు మళ్ళీ మొదటి నుంచి పెడుతున్నారు.

నా వార్డులో సభ బట్టలుతికే గదిలో జరిగింది. యంత్రాలు ఆపేసి, వాటి మీద దుప్పట్లు పరిచారు. నన్ను ఎవరూ ప్రత్యేకంగా పట్టించుకోలేదు. చివర్లో ఒక కుర్చీ చూసుకుని కూర్చున్నాను. పక్కన నలభై ఏళ్ళ మనిషి, పేరు సింహాద్రి, ఈ మధ్యే డ్రిల్లింగు పనికి వేరే ఊరి నుంచి బదిలీ అయి వచ్చాడట. తోటివాళ్ళు లాక్కొచ్చారు, నాటకం ఒక్క ముక్క కూడా వినలేదన్నాడు. మాటల్లో మాటగా ఈ సభ చరిత్ర కూడా నాకు చెప్పాడు. నస్రీన్ అని ఒక టీచరమ్మ ఉందట, పెద్ద బుర్రట, ఇదంతా ఆవిడే పెట్టిందట.

కాదు నాయనా అని నోరు తెరిచాను. అప్పుడే దీపాలు తగ్గించారు. స్పీకరు పెట్టెలోంచి మొదటి భాగం మొదలైంది. ముందు మాటలు లేవు, చప్పుడు మాత్రమే. ఇంజను టకటకలు, వాటి కింద ఇంకేదో, ఆగకుండా, తెరలు తెరలుగా.

సింహాద్రి నా వైపు వంగాడు.

"అదేటమ్మా, ఆ సప్పుడు?"

"నీళ్ళు బాబూ. పడవ పక్కన కొట్టుకుంటున్నాయి."

"అన్ని నీళ్ళే?"

అవునన్నాను. అతను నోరు కాస్త తెరుచుకుని, చేతులు మోకాళ్ళ మీద మర్చిపోయి, కళ్ళు ఆ పెట్టె మీదే పెట్టి వింటున్నాడు. వీరన్న ఇంకా రాలేదు. మంగమ్మ రాలేదు. తుఫాను రాలేదు. అన్నీ అతని ముందే ఉన్నాయి, ఒక్కటీ తెలియదు. నాకు ప్రతి మాటా, ప్రతి దగ్గూ, ఎక్కడ ఊపిరి పీలుస్తారో కూడా తెలుసు. తెలియకుండా పోయే దారి లేదు.

నస్రీన్ మీద కూడా నాకు ఎప్పుడూ ఇంత కుళ్ళు పుట్టలేదు. కుర్చీ అతని వైపు కాస్త జరుపుకున్నాను, ఆ మొహం బాగా కనబడేలా.